సంఘానికి శిరస్సు క్రీస్తు అయితే, కాపరి మాటకు హద్దు ఎక్కడ?

రోమ్‌లో పోపును అడిగినా, ఇరవై మంది కూడే చిన్న మందిరంలో పాస్టర్‌ను అడిగినా, "ఈ సంఘానికి అధిపతి ఎవరు?" అంటే ఒక్కటే జవాబు వస్తుంది: యేసు క్రీస్తు. ఈ మాట దగ్గర క్యాథలిక్కులకూ బాప్టిస్టులకూ, ఆర్థడాక్స్ వారికీ పెంతెకొస్తు వారికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తరువాతి ప్రశ్నతో మొదలవుతుంది. కంటికి కనిపించని ఆ అధిపతి మాట సంఘానికి ఎవరి నోట చేరుతుంది? చేరవేసే మనిషి పొరపడితే, "ఇది ప్రభువు మాట కాదు, నీ మాట" అని చెప్పే హక్కు ఎవరికుంది?

బిషప్పులు ఉండాలా, పెద్దల సభ ఉండాలా, సభ్యులు ఓటు వేయాలా అన్నవి పైకి పాలనా పద్ధతుల తగువుల్లా కనిపిస్తాయి. వాటి అడుగున ఉన్నది ఈ రెండో ప్రశ్నే. సర్వాధికారం క్రీస్తుదే అన్న విశ్వాసం నాయకుడికి బలాన్నిస్తుంది, అతని చేతులూ కట్టేస్తుంది. ఒక సంఘంలో ఈ రెండింటిలో ఏది జరుగుతుందో వారి విశ్వాస ప్రమాణం చదివితే తెలియదు. నాయకుడికి ఎదురు చెప్పే దారి తెరిచి ఉందో లేదో చూస్తే తెలుస్తుంది.

ఖాళీ కాని స్థానం

మత్తయి సువార్త చివర, పునరుత్థానుడైన యేసు శిష్యులతో పరలోకంలోనూ భూమి మీదా తనకు సర్వాధికారం ఇవ్వబడిందని చెబుతాడు. ఆ వెంటనే "కాబట్టి మీరు వెళ్లి" అంటూ పని అప్పగిస్తాడు. మనుషులను శిష్యులుగా చేయాలి, బాప్తిస్మం ఇవ్వాలి, తాను ఆజ్ఞాపించినవాటిని నేర్పాలి. అధికారం ఆయన దగ్గరే ఉంది, పని వారి చేతికి వచ్చింది. నేర్పవలసినవి కూడా వారి సొంత ఆలోచనలేమీ కావు. చివరగా, యుగసమాప్తి వరకు తాను వారితోనే ఉంటానని మాట ఇస్తాడు.

నాయకత్వం విషయంలో ఈ చివరి మాట చాలా తేడా తెస్తుంది. ఏ ఉద్యమంలోనైనా స్థాపకుడు పోయాక వారసుడెవరన్న ప్రశ్న వస్తుంది. క్రైస్తవుల నమ్మకం ప్రకారం వారి ప్రభువు బతికే ఉన్నాడు కనుక ఆయన స్థానం ఖాళీ కాలేదు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యూదా ఇస్కరియోతు స్థానాన్ని చీట్లు వేసి మత్తీయతో నింపారు. యేసు స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలన్న చర్చ మాత్రం ఆ పుస్తకమంతటా ఎక్కడా లేదు. యెరూషలేము సంఘానికి పెద్దదిక్కుగా నిలిచిన యాకోబు యేసుకు సోదరుడని పౌలే రాశాడు. రక్తసంబంధం చూపించి వారసత్వం అడగాలంటే అంతకన్నా తగిన మనిషి దొరకడు. అయినా ఆయన పేరిట ఉన్న పత్రిక, దేవునికీ ప్రభువైన యేసు క్రీస్తుకూ దాసుడైన యాకోబు అంటూ మొదలవుతుంది. సోదరుణ్ణన్న ఊసే అందులో లేదు.

ఈ లెక్కన సంఘ నాయకుడి స్థితి పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉన్న మనిషి స్థితి. అతని సంతకం చెల్లుతుంది, ఆస్తి మాత్రం అతనిది కాదు. పైగా ఇక్కడ యజమాని ఊళ్లోనే ఉన్నాడు.

కొత్త నిబంధనలో సంఘ పెద్దల గురించిన మాటలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. పేతురు మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో పెద్దలకు రాస్తూ, మంద మీద ప్రభువుల్లా పెత్తనం చేయవద్దనీ, మాదిరిగా ఉండమనీ అంటాడు. ప్రధాన కాపరి వేరే ఉన్నాడనీ, ఆయన రాబోతున్నాడనీ గుర్తుచేస్తాడు. తనను తాను కూడా "తోటి పెద్ద"నని మాత్రమే చెప్పుకుంటాడు. కొరింథువారు నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని, నేను కేఫావాడిని (కేఫా అంటే పేతురే) అంటూ గుంపులు కట్టినప్పుడు, పౌలు తన గుంపును కూడా వెనకేసుకు రాలేదు. పౌలు మీ కోసం సిలువ వేయబడ్డాడా అని సూటిగా అడిగాడు.

పాదాలు కడిగిన ప్రభువు

జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను ఒకసారి యేసు దగ్గరకు వచ్చి, ఆయన మహిమలో ఒకరికి కుడి పక్కన, ఒకరికి ఎడమ పక్కన చోటు కావాలని అడిగారు. ఇది విని మిగతా పదిమందికి కోపం వచ్చిందని మార్కు రాశాడు. ఆ కోపం వినయం మీద ప్రేమతో వచ్చింది కాదు. తమలో ఎవరు గొప్ప అని అంతకు ముందు అధ్యాయంలోనే దారి పొడవునా వాదించుకున్నవాళ్లు వాళ్లు. యేసు అందరినీ దగ్గరకు పిలిచి, లోకంలో అధికారులు జనం మీద పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు, గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడు కావాలి అని చెప్పాడు.

నేటి సెమినార్లలో ఈ భాగాన్ని 'సర్వెంట్ లీడర్‌షిప్' పేరుతో తెగ వాడుతున్నారు. వాడకం పెరిగే కొద్దీ పదును తగ్గింది. మాటకు ముందు "నేను సేవకుణ్ణి" అంటూనే ఎవరి మాటా చెవిన పెట్టని నాయకులు అన్ని శాఖల్లోనూ ఉన్నారు. యోహాను 13వ అధ్యాయం అంత తేలిగ్గా లొంగదు. యేసు పైవస్త్రం తీసి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. కడిగాక మళ్లీ కూర్చుని, మీరు నన్ను బోధకుడు, ప్రభువు అంటున్నారు, ఆ మాట నిజమే అన్నాడు. అంటే అధికారాన్ని వదులుకోలేదు, దాన్ని దేనికి వాడాలో చూపించాడు. ఆ తరువాత ఇచ్చిన ఆజ్ఞ ఇంకా ఆసక్తికరం. మీరు జనం పాదాలు కడగండి అనలేదు, ఒకరి పాదాలు ఒకరు కడగండి అన్నాడు. నాయకుడు కడగడమే కాదు, కడిగించుకోవాలి కూడా. పేతురు మొదట ఒప్పుకోనిది సరిగ్గా ఈ రెండో సంగతికే. సేవ చేయడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండి, తన పాదాల మురికి మాత్రం ఎవరికీ చూపించని నాయకుడు ఈ ఆజ్ఞలో సగమే పాటిస్తున్నట్టు.

పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగే ఆచారం చాలా చర్చిలలో నేటికీ ఉంది. 2013లో పోపు ఫ్రాన్సిస్ ఎన్నికైన రెండు వారాలకే రోమ్‌లోని బాల నేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగారు. వారిలో ఇద్దరు అమ్మాయిలు, క్రైస్తవులు కాని వారూ ఉన్నారు. అప్పటి క్యాథలిక్ ఆరాధన నియమాలు ఈ ఆచారంలో పురుషులనే పేర్కొనేవి. 2016లో ఆ నియమాన్ని మార్చారు. నాయకుడు ముందు చేసి చూపించాడు, చట్టం వెనక నడిచింది. దీన్ని మెచ్చుకున్నవారు ఎందరో, పోపే నియమం తప్పితే ఎలా అని నొచ్చుకున్నవారూ అంతమంది ఉన్నారు. క్రీస్తు మాదిరిని అనుసరించే నాయకుడు చర్చి నియమానికి ఎంత కట్టుబడాలన్న చిక్కు చిన్నదేమీ కాదు.

ఇక మత్తయి 23లో, బోధకులనీ తండ్రులనీ గురువులనీ పిలిపించుకోవద్దు, క్రీస్తు ఒక్కడే మీ గురువు అన్న మాట ఉంది. ఫాదర్, రెవరెండ్, మోస్ట్ రెవరెండ్, అపొస్తలుడు, బిషప్ డాక్టర్ వంటి బిరుదుల మధ్య ఈ వచనాన్ని చదవడం ప్రతి శాఖకూ కాస్త ఇబ్బందే.

తాళపు చెవులు ఎవరి చేతిలో

మత్తయి 16లో యేసు పేతురుకు పరలోక రాజ్యపు తాళపు చెవులు ఇస్తానంటాడు. నువ్వు భూమి మీద బంధించేది పరలోకంలోనూ బంధించబడుతుందని చెబుతాడు. రెండు అధ్యాయాలు దాటితే, తప్పు చేసిన సోదరుడి విషయం చివరికి సంఘానికి చెప్పమంటూ, బంధించే, విప్పే ఆ అధికారాన్నే మీకు అని బహువచనంలో ఇస్తాడు. ఇద్దరు ముగ్గురు నా పేరట కూడిన చోట నేను వారి మధ్య ఉంటానన్న మాట కూడా అక్కడిదే. పదహారో అధ్యాయం మీద బరువు వేసినవారు రోమ్ వైపు నడిచారు. పద్దెనిమిదో అధ్యాయం మీద బరువు వేసినవారు సభ్యుల సమావేశం వైపు నడిచారు. ఒకే సువార్త, ఒకే ప్రభువు.

తొలి తరాల్లో ఈ రెండూ కలగలిసే ఉన్నాయి. అన్యజనులు సున్నతి పొందాలా అన్న వివాదం వచ్చినప్పుడు యెరూషలేములో అపొస్తలులూ పెద్దలూ కూడి, వాదించి, పేతురు, పౌలు, బర్నబా, యాకోబుల మాటలు విని, చివరికి "పరిశుద్ధాత్మకును మాకును" తోచిందని లేఖ రాశారు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మానేసినప్పుడు పౌలు అందరి ముందూ ముఖాముఖి నిలదీశాడు. ఆ సంగతి పౌలే గలతీయులకు రాశాడు, చర్చి దాన్ని దాచకుండా లేఖనాల్లోనే ఉంచుకుంది. తాళపు చెవులు అందుకున్నవాడిని కూడా ప్రశ్నించవచ్చనడానికి ఇంతకన్నా పాత సాక్ష్యం అక్కర్లేదు.

రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ మరణశిక్షకు రోమ్ వెళ్తూ దారిలో రాసిన లేఖల్లో స్వరం మారింది. బిషప్ ఎక్కడ కనిపిస్తే జనం అక్కడ ఉండాలి, బిషప్ లేకుండా సంఘంలో ఏమీ చేయవద్దు అని ఆయన ఒత్తి చెప్పాడు. తప్పుడు బోధలు చుట్టుముట్టిన కాలమది, గొంతు ఒక్కటే ఉండాలన్న ఆరాటం అర్థమవుతుంది. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్ కూడా బిషప్ పదవిని ఎంతో ఎత్తున నిలిపాడు. అయినా తన పెద్దల సలహా, ప్రజల సమ్మతి లేకుండా ఏదీ చేయకూడదని మొదటి నుంచీ నిర్ణయించుకున్నానని తన లేఖలో రాసుకున్నాడు. తరువాతి కాలంలో సిప్రియన్ మొదటి మాటను ఉదహరించినంతగా ఈ రెండో మాటను ఎవరూ ఉదహరించలేదు.

క్యాథలిక్ చర్చి లోపల కూడా ఈ లాగుడు ఆగలేదు. 1414లో మొదలైన కాన్‌స్టన్స్ మహాసభ నాటికి తామే పోపులమని చెప్పుకునేవారు ముగ్గురున్నారు. ముగ్గురూ క్రీస్తు ప్రతినిధులమనే అంటున్నారు. 1415లో ఆ సభ, తన అధికారం నేరుగా క్రీస్తు నుంచే వచ్చిందనీ, విశ్వాసం, చీలిక, సంస్కరణ విషయాల్లో పోపు కూడా సభకు లోబడాలనీ తీర్మానించింది. ఆ బలంతోనే ముగ్గురినీ పక్కకు తప్పించి 1417లో అయిదో మార్టిన్‌ను పోపుగా ఎన్నుకుంది. 1870లో మొదటి వాటికన్ మహాసభ దీనికి ఎదురు దిక్కున నిలిచింది. విశ్వాసం, నైతికత గురించి పోపు తన పీఠం నుంచి చేసే నిర్వచనాలు వాటంతట అవే మార్పులేనివనీ, చర్చి సమ్మతి వల్ల కాదనీ ప్రకటించింది. రెండు తీర్మానాలకూ ఆధారం క్రీస్తు ఇచ్చిన అధికారమే. 1960లలో రెండో వాటికన్ మహాసభ బిషప్పులంతా కలిసి మోసే బాధ్యతను గట్టిగా చెప్పి కొంత సమతూకం తెచ్చింది. బోధనాధికారం దేవుని వాక్యానికి పైది కాదనీ, దానికి సేవ చేసేదనీ ఆ సభే రాసింది.

ఆర్థడాక్స్ చర్చిలలో అదుపు ఇంకో విధంగా పనిచేస్తుంది. 1439లో ఫ్లోరెన్స్ సభలో తూర్పు బిషప్పులు దాదాపు అందరూ రోమ్‌తో ఐక్యతా పత్రం మీద సంతకం పెట్టారు. ఎఫెసు బిషప్ మార్కు మాత్రం పెట్టలేదు. ప్రతినిధులు కాన్‌స్టాంటినోపుల్‌కు తిరిగొచ్చాక సన్యాసులు, సామాన్య జనం ఆ ఐక్యతను ఒప్పుకోలేదు. చక్రవర్తి, పాట్రియార్క్ (అక్కడి ప్రధాన బిషప్) ఒప్పుకున్నా అది నిలబడలేదు. సభ తీర్మానాన్ని సంఘమంతా స్వీకరిస్తేనే అది ఆత్మ మాట అవుతుందన్న నమ్మకం అక్కడ ఉంది. 1848లో తూర్పు పాట్రియార్కులు పోపుకు ఇచ్చిన జవాబులో, విశ్వాసానికి కాపలా చర్చి శరీరమంతా, అంటే ప్రజలే అని స్పష్టంగా రాశారు.

రాజు చెయ్యి పట్టుకున్న పాస్టర్

క్రీస్తు శిరస్సు అన్న మాట అసలు పదును రాజులు చర్చిలోకి వచ్చినప్పుడు బయటపడింది. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ 1531లో మతాధికారుల సభను తనను చర్చికి 'సర్వోన్నత శిరస్సు'గా ఒప్పుకోమన్నాడు. బిషప్పులు బిగుసుకుపోయారు. "క్రీస్తు ధర్మం అనుమతించినంత మేరకు" అన్న ముక్కను చేర్చాక కాంటర్బరీ ఆర్చిబిషప్ వార్హమ్ ఆ వాక్యాన్ని సభ ముందు పెట్టాడు. ఎవరూ నోరు మెదపలేదు. మౌనం అంగీకారం అని ఆయన అంటే, "అయితే మేమంతా మౌనమే" అని ఎవరో గొణిగారట. ఆ చిన్న ముక్కే వారికి మిగిలిన ఆఖరి అడ్డుగోడ. 1534 చట్టంలో అది కూడా లేకుండా పోయింది. కూతురు ఎలిజబెత్ 1559లో ఆ బిరుదును వదిలేసి 'సర్వోన్నత పాలకురాలు' అన్నదానితో సరిపెట్టుకుంది. శిరస్సు అన్న మాట క్రీస్తుకే చెల్లుతుందని క్యాథలిక్కులే కాదు, పట్టుదలగల ప్రొటెస్టంట్లు కూడా అభ్యంతరం చెప్పారు. ఇంగ్లండ్ రాజుకు చర్చిలో నేటికీ ఉన్న బిరుదు ఈ రెండోదే.

స్కాట్లండ్‌లో ఈ గొడవ మౌనంగా సాగలేదు. 1596లో ఫాక్‌లండ్ రాజభవనంలో ఆండ్రూ మెల్విల్ అనే ప్రెస్బిటేరియన్ (బిషప్పులు కాక పెద్దల సభలే సంఘాన్ని నడపాలనే శాఖ) పండితుడు ఆరో జేమ్స్ రాజు చొక్కా చేతిని పట్టుకుని, నువ్వు దేవుని బలహీన దాసుడివి మాత్రమే అన్నాడు. స్కాట్లండ్‌లో ఇద్దరు రాజులు, రెండు రాజ్యాలు ఉన్నాయి, క్రీస్తు యేసు రాజు, సంఘం ఆయన రాజ్యం, ఆ రాజ్యంలో జేమ్స్ రాజు కాదు, ప్రభువు కాదు, శిరస్సు కాదు, ఒక సభ్యుడు మాత్రమే అని ముఖం మీదే చెప్పాడు. జేమ్స్ మరచిపోయే రకం కాదు. ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కాక, 1604లో "బిషప్ లేకపోతే రాజూ లేడు" అన్నాడు. మెల్విల్‌ను లండన్ టవర్‌లో నాలుగేళ్లు ఉంచి, తరువాత దేశం దాటించాడు. రాజుకు లెక్క సరిగ్గానే అర్థమైంది. బిషప్పులను తాను నియమించవచ్చు. ప్రెస్బిటరీ సభల్లో పాస్టర్లూ పెద్దలూ సమానంగా కూర్చుని, మా అధ్యక్షుడు క్రీస్తే అంటే ఎక్కడ పట్టుకోవాలి?

ఆ వాదన రెండు వందల ఏళ్ల తరువాత మళ్లీ లేచింది. ఒక ఊరి సంఘం వద్దన్నా, భూస్వామి ఎంచిన పాస్టర్‌ను వారి మీద రుద్దవచ్చని కోర్టులు తేల్చాయి. 1843 మే 18న ఎడిన్‌బరోలో చర్చి మహాసభ మొదలవుతూనే అధ్యక్షుడు నిరసన పత్రం చదివి బయటకు నడిచాడు. ఆయన వెనక థామస్ చామర్స్, ఇంకా ఎందరో. చివరికి సుమారు 470 మంది పాస్టర్లు జీతాలు, ఇళ్లు, మందిరాలు వదులుకుని ఫ్రీ చర్చిగా ఏర్పడ్డారు. "విమోచకుని రాజరికపు హక్కులు" అన్నది వారి నినాదం. పాస్టర్‌ను ఎన్నుకునే హక్కు విశ్వాసులదని వాదించడానికి వారు ప్రజాస్వామ్యాన్ని సాక్ష్యంగా తేలేదు. అది క్రీస్తు తన ప్రజలకు ఇచ్చిన హక్కు, దాన్ని మధ్యలో ఎవరూ లాక్కోకూడదు అన్నారు.

బాప్టిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు ఇదే తర్కాన్ని ఇంకో మెట్టు దించారు. ప్రతి స్థానిక సంఘం నేరుగా క్రీస్తు కింద ఉంది, పైన బిషప్పూ అక్కర్లేదు, ప్రెస్బిటరీ కూడా అక్కర్లేదు అన్నారు. క్వేకర్లు ఆ మెట్టు కూడా దిగేశారు. క్రీస్తే తన ప్రజలకు బోధించడానికి వచ్చాడు కనుక జీతం తీసుకునే బోధకుడు ఎందుకన్నాడు వారి స్థాపకుడు జార్జ్ ఫాక్స్. వారి పాత పద్ధతి సమావేశాల్లో నేటికీ ఓటింగ్ ఉండదు. మౌనంగా కూర్చుని, మాట్లాడినవారి మాట విని, సభకు ఏది తోచిందో క్లర్క్ రాసి చదువుతాడు. ఎవరైనా ఒప్పుకోకపోతే ఆగుతారు. నెమ్మదిగా నడిచే పద్ధతే, తొందర ఉన్నవారికి నరకం. అయితే మెజారిటీకీ దేవుని చిత్తానికీ తేడా ఉండవచ్చన్న సంగతిని ఇంత సీరియస్‌గా తీసుకున్న మరో వ్యవస్థ దొరకడం కష్టం.

ఈ పద్ధతుల్ని కలిపి చూసే ప్రయత్నాలూ జరిగాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆంగ్లికన్ల బిషప్పులు, ప్రెస్బిటేరియన్ల పెద్దల సభలు, కాంగ్రిగేషనలిస్టుల స్థానిక సంఘ హక్కులు ఒకే రాజ్యాంగం కిందికి వచ్చాయి.

బార్మెన్, 1934

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మన్ ప్రొటెస్టంట్ చర్చిలలో 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గం బలపడింది. దేశానికి ఒక నాయకుడు ఉన్నట్టే చర్చికీ ఒకడు ఉండాలన్నారు. లుడ్విగ్ ముల్లర్ 'రైక్ బిషప్', అంటే దేశమంతటికీ ఒకే బిషప్, అయ్యాడు. యూదు మూలాలున్న పాస్టర్లను తొలగించే నియమాన్ని చర్చిలోకి తెచ్చారు. దీనికి ఎదురుగా 1934 మే చివర్లో వుప్పర్‌టాల్ నగరంలోని బార్మెన్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్, యునైటెడ్ చర్చిల ప్రతినిధులు కూడారు. దైవశాస్త్ర పండితుడు కార్ల్ బార్ట్ ప్రధానంగా రాసిన ఆరు అంశాల ప్రకటనను ఆమోదించారు. చర్చి వినాల్సిన, లోబడాల్సిన దేవుని వాక్కు ఒక్కటే, అది యేసు క్రీస్తే అన్నది మొదటి అంశం.

నాయకత్వానికి సంబంధించింది నాలుగోది. మీలో అలా ఉండకూడదన్న మత్తయి 20లోని మాటను ముందు పెట్టి, చర్చిలో ఉన్న వేర్వేరు పదవులు ఒకరి మీద ఒకరు పెత్తనం చేయడానికి కాదనీ, అవి సమాజమంతటికీ అప్పగించిన పరిచర్యను నడపడానికేననీ చెబుతుంది. విశేషాధికారాలున్న నాయకుణ్ణి చర్చి పెట్టుకోవచ్చన్న బోధను తిరస్కరిస్తున్నామంటుంది. మామూలు రోజుల్లో ఆ వాక్యం ఏ చర్చి నియమావళిలోనో నిద్రపోయేది. ఆ ఏడు అది రాజకీయంగా ప్రమాదకరమైన వాక్యం అయ్యింది. అంత గొప్ప పత్రంలో యూదుల గురించి ఒక్క మాటా లేదు. ఆ లోటును బార్ట్ ఎన్నో ఏళ్ల తరువాత తానే ఒప్పుకున్నాడు. తమ చర్చి స్వేచ్ఛను కాపాడుకోవడానికి క్రీస్తు అధికారాన్ని గుర్తుచేసుకున్నవారు, బయట నలుగుతున్నవారి కోసం దాన్ని గుర్తుచేసుకోలేదు.

అభిషిక్తుణ్ణి ముట్టవద్దు

రాజుల బెడద లేని చోట ప్రమాదం లోపలి నుంచే వస్తుంది. నాయకుడే దైవజనుడు, అతనికి దర్శనం ఉంది, కాబట్టి అతన్ని ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టే అన్న వాదన స్వతంత్ర సంఘాల్లో తరచూ వినిపిస్తుంది. "నేను అభిషేకించిన వారిని ముట్టకూడదు" అన్న వచనం దీనికి కవచం.

ఆ వచనం ఉన్న 105వ కీర్తన తెరిచి చదివితే కథ వేరేలా ఉంటుంది. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం. వారు కొద్దిమంది, పరదేశులు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవారు. వారి జోలికి వెళ్లవద్దని దేవుడు గద్దించింది రాజులను. బలం లేనివారిని బలవంతుల నుంచి కాపాడిన మాట, బలవంతుణ్ణి ప్రశ్నల నుంచి కాపాడే మాటగా మారిపోయింది. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదన్న సంఘటనను కూడా ఇలాగే వాడతారు. దావీదు చంపలేదు, నిజమే. అయితే అదే అధ్యాయంలో గుహ బయటకు వచ్చి, తాను కోసిన సౌలు వస్త్రపు చెంగు చేత్తో ఎత్తి చూపించి, నీవు నాకు అన్యాయం చేస్తున్నావు, యెహోవా మన ఇద్దరికీ న్యాయం తీర్చుగాక అన్నాడు. కత్తి దించాడు, నోరు మూసుకోలేదు.

మీ నాయకుల మాట విని లోబడండి అన్న హెబ్రీ పత్రిక 13వ అధ్యాయపు మాట నిజంగానే ఉంది, దాన్ని చిన్నది చేయలేం. కానీ ఆ వాక్యంలోనే వారు లెక్క అప్పగించవలసినవారని కూడా ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దని ఒక వచనం, తప్పు చేసినవారిని అందరి ముందూ గద్దించమని తరువాతి వచనం. మొదటిది తెలిసినంతమందికి రెండోది తెలియదు. బెరయ వారు పౌలు చెప్పిన మాటలను కూడా లేఖనాలతో రోజూ సరిచూసుకున్నారని లూకా మెచ్చుకున్నాడు. అపొస్తలుడి బోధకు లేని మినహాయింపు ఆదివారం ప్రసంగానికి ఎలా వస్తుంది?

1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైన షెపర్డింగ్ ఉద్యమంలో ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడాలన్నారు. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి వంటి విషయాలకూ కాపరి అనుమతి కావాల్సి వచ్చింది. ఉద్దేశం మంచిదే: ఎవరి దారి వారిదైపోయిన విశ్వాసులను శిష్యులుగా తయారుచేయాలి. 1980ల నడుమకల్లా అది చెదిరిపోయింది, దాని నాయకుల్లో ఒకరు తరువాత బహిరంగంగా క్షమాపణ అడిగారు. మేము మీ విశ్వాసం మీద ప్రభువులం కాము, మీ ఆనందానికి సహకారులం అని పౌలు కొరింథువారికి రాసిన గీతను వారు దాటేశారు.

పద్ధతి ఏదైనా

అయితే మంచి పద్ధతి ఏది? పిల్లల మీద లైంగిక దౌర్జన్యాల విషయంలో ఇటీవలి చరిత్ర ఎవరికీ గర్వపడే చోటు మిగల్చలేదు. అమెరికాలోని బోస్టన్ క్యాథలిక్ చర్చిలో బిషప్ అధికారమే నేరాలను కప్పిపెట్టింది. నిందితులైన ప్రీస్టులను ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కు మారుస్తూ పోయారు. 2002లో పత్రికలు బయటపెట్టాక ఆ ఏడాది డిసెంబరులో అక్కడి ఆర్చిబిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. పైన బిషప్పులే లేని అమెరికా సదరన్ బాప్టిస్టుల విషయంలో 2022లో వచ్చిన విచారణ నివేదిక సరిగ్గా వ్యతిరేక సాకును చూపించింది. ప్రతి సంఘం స్వతంత్రం, మేము జోక్యం చేసుకోలేం అంటూ జాతీయ నాయకులు బాధితులను ఏళ్ల తరబడి వెనక్కి పంపారు. ఒకచోట అధికారం ఎక్కువై, ఒకచోట బాధ్యత ఎవరిదీ కాకుండా పోయి, బాధితులు రెండు చోట్లా ఒంటరివారయ్యారు. ప్రభువు అధికారం పేరు చెప్పి ఒకరు దాచారు, ఒకరు తప్పుకున్నారు.

స్త్రీల నాయకత్వం విషయంలో కూడా ఇరుపక్కలా వినిపించేది క్రీస్తు పేరే. 1994 మార్చిలో ఇంగ్లండ్ చర్చి మొదటిసారి స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించింది. అదే ఏడు మే నెలలో పోపు రెండో జాన్ పాల్, స్త్రీలకు ఆ అభిషేకం ఇచ్చే అధికారం చర్చికి ఎంతమాత్రం లేదని ప్రకటించారు. ఆయన వాదన స్త్రీల సామర్థ్యం గురించి కాదు. క్రీస్తు పన్నెండు మంది పురుషులను ఎంచుకున్నాడు, ఆయన చేసినదాన్ని మార్చడానికి మేమెవరం అన్నదే దాని సారం. అవతలివారు, పునరుత్థాన వార్తను పురుషులకు చెప్పమని ఆయన మొదట పంపింది మగ్దలేనే మరియను కదా అంటారు. క్రీస్తులో పురుషుడనీ స్త్రీ అనీ లేదన్న గలతీ పత్రిక మాటను ముందుకు తెస్తారు. మేము మార్చలేం అనడంలో నిజమైన లోబడటం ఉండవచ్చు, పాత అలవాటుకు ఆయన పేరు తగిలించడం కూడా ఉండవచ్చు. మార్చాలి అనేవారి విషయంలోనూ అంతే.

డబ్బు దగ్గర ఈ సంగతులన్నీ ఇట్టే తేలిపోతాయి. కానుకల లెక్క అడిగితే, నేను దేవునికి లెక్క చెప్పుకుంటాను అనే నాయకులు తక్కువేమీ లేరు. యెరూషలేము పేదల కోసం పౌలు పెద్ద మొత్తం పోగుచేసినప్పుడు ఆ మాట అనడానికి ఆయనకు అందరికన్నా ఎక్కువ హక్కు ఉంది. తనను పంపింది మనుషులు కాదు, యేసు క్రీస్తే అని గలతీయులకు రాసినవాడు ఆయన. అయినా ఆ డబ్బును ఒక్కడే తీసుకెళ్లలేదు. మీరు ఎవరిని యోగ్యులని తేలుస్తారో వారికే ఉత్తరాలిచ్చి పంపుతానని కొరింథువారికి ముందే రాశాడు. సంఘాలు ఎన్నుకున్న ఒక సోదరుణ్ణి తోడు తీసుకున్నాడు. కారణం కూడా దాచలేదు: ఇంత పెద్ద కానుక విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదనీ, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలనీ రాశాడు.